ఎనభై నాలుగు రోజుల మూఢం, తొంభై రోజుల గడువు

భారతీయ స్టేట్ బ్యాంకు చైర్మన్ శ్రీ చల్లా శ్రీనివాసులు శెట్టి గారికి,



ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. ముంబయిలో మీ టేబుల్ మీదికి తెలుగు ఉత్తరాలు ఎన్ని వస్తాయో నాకు తెలీదు గానీ, మానవపాడు మండలం పెద్దపోతులపాడులో పుట్టి, వ్యవసాయం చదువుకుని, 1988లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి అంత పైకి వెళ్లిన మీకు తర్జుమా అక్కర్లేదు కదా.

ముందు నా సంగతి రెండు ముక్కలు. పుట్టింది ధర్మవరం, పిల్లనిచ్చింది హిందూపురం, పిల్లలకు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైంది పెనుకొండలో. నా బతుకంతా బెంగళూరు రైలు మార్గంలో ఈ మూడు స్టేషన్ల మధ్యే గడిచింది. మీ బ్యాంకువి యాభై షేర్లు ఉన్నాయి నా దగ్గర. 2024-25కి షేరుకు 15 రూపాయల 90 పైసల డివిడెండు ఇచ్చారు, 795 రూపాయలు వచ్చాయి. ఆ లెక్కన మీ బ్యాంకు యజమానుల్లో నేనూ ఒకణ్ణి. మిమ్మల్ని అడిగే హక్కు ఆ 795 రూపాయల మేరకైనా ఉందనుకుని రాస్తున్నాను.

2025 నవంబరు 4న మీరు రెండో త్రైమాసికం ఫలితాలు చెప్పారు. మర్నాడు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టే వేళకు ధర్మవరంలో అక్కావాళ్ల ఇంట్లో ఉండాలని పెనుకొండలో రైలెక్కి, పేపరు తెరిచాను. మూడు నెలల లాభం 20,160 కోట్లు. జులై నుంచి సెప్టెంబరు దాకా 92 రోజులు. అలవాటు పోదు గదా, పేపరు అంచున పెన్నుతో భాగించాను. రోజుకు 219 కోట్లు. డిపాజిట్లు 55.92 లక్షల కోట్లు, ఇచ్చిన అప్పులు 44.20 లక్షల కోట్లు. రెండూ కలిపితే వంద లక్షల కోట్లు దాటింది. క్లాసులో ఈ సంఖ్యను బోర్డు మీద వెయ్యమంటే సున్నాల దగ్గర నేనే తడబడేవాణ్ణి.

అయితే లాభం అంకె చూసి ఆగిపోకూడదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి. కింది వరసలు కూడా చదివాను. ఆ 20,160 కోట్ల వెనక ఒక ప్రత్యేక రాబడి ఉంది, 4,593 కోట్లు. యెస్ బ్యాంకులో మీకున్న వాటాలో ఎక్కువ భాగం జపాన్‌కు చెందిన సుమిటోమో మిట్సుయి బ్యాంకుకు అమ్మగా వచ్చింది అది. నిరుడు ఇదే మూడు నెలల లాభం 18,331 కోట్లు. ఆ అమ్మకమే లేకపోతే ఈసారి లాభం నిరుటి కంటే తగ్గి కనిపించేది. ఇది తప్పని అనడం లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటును ఒక శాతం తగ్గించింది. మీరిచ్చిన అప్పుల మీద వడ్డీ వెంటనే తగ్గుతుంది, డిపాజిట్ల మీద వడ్డీ నెమ్మదిగా దిగుతుంది. నడుమ నలిగేది మీ మార్జినే. అది తెలిసినవాడెవడూ మిమ్మల్ని వేలెత్తి చూపడు.

నన్ను ఆపింది యెస్ బ్యాంకు కథ. 2020 మార్చిలో ఆ బ్యాంకు మునిగిపోబోతుంటే మీరు ముందుకొచ్చి షేరు పది రూపాయల లెక్కన డబ్బు పెట్టారు. జనం ఏటీఎంల ముందు వరసలు కట్టిన రోజులవి. "ప్రజల డబ్బు తీసుకెళ్లి గుంతలో పోస్తున్నారు" అని పేపర్లలో రాశారు, నేనూ స్టాఫ్ రూములో అదే మాట అన్నాను. మీరు ఐదేళ్లు ఓపిక పట్టారు. ఈ సెప్టెంబరులో అదే షేరు 21 రూపాయల 50 పైసలకు అమ్మారు. నేనన్నది తప్పని తేలింది, ఒప్పుకుంటున్నాను.

మునిగేవాడికి టైమిస్తే తేలతాడని మీ బ్యాంకుకు తెలుసు. ఆ ఓపిక సంగతే నేను మాట్లాడదలిచింది.

అక్క ఇంటికి రెండు వీధుల అవతల నా చిన్ననాటి స్నేహితుడి ఇల్లు. వాడు లేడిప్పుడు, కొడుకు ఉన్నాడు. నన్ను మామా అంటాడు. వాకిట్లో ఉసిరికాయ మీద దీపం, లోపల గుంట మగ్గం. పండగ పూట కూడా మగ్గం ఆగలేదు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నాడె విసురుతున్నాడు. జరీ అంచు మెరుస్తోంది గానీ, వాడి ముఖం వెలుతురులో లేదు. పక్కన కోడలు రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. ఒక వార్పుకు మూడు చీరలు దిగుతాయి. ఈ డిజైనుకు ఒక్కో చీరకు పది రోజులు పడుతుందట. అంటే ఇద్దరు మనుషులు నెల రోజులు కూర్చుంటే మూడు చీరలు.

"బాగుందిరా చీర" అన్నాను.

"చీర బాగుంటాది మామా, చెక్కే బాగుండదు" అని నవ్వాడు. మగ్గం దిగి, గోడ గూట్లో పంచాంగం మధ్య పెట్టిన చెక్కు తీసి చూపించాడు. దీపావళికి ముందు ఇచ్చిన చీరల డబ్బు. దాని మీద తేదీ సంక్రాంతిది.

మూడు నెలల తర్వాతి తేదీ వేసిన చెక్కు ధర్మవరంలో వింత కాదు. చీర తీసుకునే అంగడివాడు అమ్ముడుపోయాకే ఇస్తానంటాడు. అతనికి బెంగళూరు నుంచో, హైదరాబాదు నుంచో పెద్ద షాపువాళ్లు అలాగే అంటారు. ఈ గొలుసులో అందరూ ఒకరికొకరు అప్పు పెట్టుకుంటారు. ఎవరికీ అప్పు పెట్టలేనివాడు గొలుసు చివర మగ్గం గుంటలో ఉంటాడు. రేషం అంగడిలో, సూరత్ జరీ దగ్గర వాడికి అరువు దొరికినా నగదు ధర వేరు, అరువు ధర వేరు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో బాకీ తీర్చకపోతే కొన్నవాడికి ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఆ ఏడాది చెల్లదని 2024 ఏప్రిల్ నుంచి ఒక రూలు వచ్చింది. మంచిదే. కానీ అది మగ్గం దాకా రావాలంటే ఉద్యం రిజిస్ట్రేషను ఉండాలి, పక్కా బిల్లు ఉండాలి. మావాళ్ల బిల్లు అంటే చీర మడతలో పెట్టిన చీటీ.

ఈ పిల్లవాడికి ఒక బ్యాంకులో రెండు లక్షల చేనేత ముద్ర లోను ఉంది. ఏ బ్యాంకో రాయను. మీది కాదు, అంతవరకు చెబుతాను. పథకం గొప్పది, కాదనేవాడు లేడు. నేతగాడికి ఆరు శాతం వడ్డీ, పైన ఏడు శాతం దాకా కేంద్రం భరిస్తుంది. అప్పులో ఇరవై శాతం, గరిష్ఠంగా 25 వేలు, మార్జిన్ మనీగా ఇస్తుంది. ఎగవేతకు గ్యారంటీ కూడా ప్రభుత్వానిదే. రెండు లక్షలకు ఆరు శాతమంటే ఏడాదికి పన్నెండు వేలు, నెలకు వెయ్యి. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఇదే రెండు లక్షలకు నెలకు ఆరు వేలు. వెయ్యికీ ఆరు వేలకూ మధ్య ఉన్న తేడాయే ఆ ఇల్లు నడిచే డబ్బు.

కానీ ఆ లోను సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా. సీసీ లెక్క మీకు నేను చెప్పాలా? పాఠకుల కోసం చెబుతున్నాను. తొంభై రోజుల పాటు ఖాతాలో జమ ఏమీ పడకపోయినా, పడిన జమ వడ్డీకి కూడా చాలకపోయినా ఆ ఖాతాను మొండి బాకీగా రాసేయాలి. అది రిజర్వ్ బ్యాంకు రూలు. దానికి ముందే ముప్పై రోజులకో మెట్టు చొప్పున ఎస్ఎంఏ అని పేర్లు పెడతారు, ఫోన్లు మొదలవుతాయి. వాడికి ఆ ఫోన్ల వాన ఆగస్టులో మొదలైంది. శ్రావణమాసం అమ్మకాల డబ్బు ఇంకా అంగట్లోనే ఉంది. బ్యాంకేమో ఇప్పుడే కట్టమంది. వాడు డబ్బు కట్టాడు. ఎక్కణ్నుంచి తెచ్చావురా అని అడగబోయి కోడలి మెడ వంక చూసి ఊరుకున్నాను. నల్లపూసల దండ లేదు. పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి ఉంది.

"యాడ్నుంచి తెచ్చేది మామా, ఇంకో బ్యాంకులో బంగారం కుదువ పెట్టినా" అన్నాడు వాడే.

శెట్టిగారూ, మీ ఫలితాల్లో నాకు బాగా నచ్చిన అంకె 1.73. మొత్తం అప్పుల్లో మొండి బాకీల శాతం అది. 2018 మార్చిలో ఇదే అంకె 10.91. ఆ నడుమ ఏళ్లలో మొండి బాకీల విభాగం డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టరుగా మీరే చూశారు. ఎంత చాకిరీ చేస్తే అది ఇక్కడికి దిగిందో ఊహించగలను. కానీ ఆ అంకెలో పసుపు కొమ్ము కనిపించదు. వాడి మొదటి అప్పు మొండి బాకీ కాలేదు, ఎందుకంటే కట్టాడు. రెండో అప్పూ మొండి బాకీ కాదు, ఎందుకంటే బంగారం లాకర్లో ఉంది. పది గ్రాముల బంగారం ఈ ఏడాది లక్ష దాటాక ఆ అప్పు ఇంకా భద్రం. ఏ బ్యాంకు పుస్తకం చూసినా రెండు ఖాతాలూ పచ్చగానే ఉంటాయి. ఇల్లు మాత్రం ఒక అప్పు నుంచి రెండప్పుల్లోకి పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో బ్యాంకులు డిపాజిట్ల కంటే ఎక్కువే అప్పులిస్తున్నాయని అధికారులు గొప్పగా చెబుతారు, నిజమే. ఆ అప్పుల్లో ఎంత భాగం మెడలోంచి దిగి వచ్చిందో జిల్లాలవారీగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పంచాంగం మధ్య చెక్కు పెట్టుకున్నాడని రాశాను కదా, అది ఊరికే కాదు. ధర్మవరంలో పట్టు చీర అమ్ముడయ్యేది ముహూర్తాలను బట్టి. పెళ్లిళ్లుంటే అంగడి కదులుతుంది, లేకపోతే లేదు. ఈసారి నవంబరు 26 నుంచి ఫిబ్రవరి 17 దాకా శుక్ర మూఢం, పెళ్లిళ్లు పెట్టుకోని కాలం. మాఘమాసమంతా అందులోనే పోతుంది. ఏటా పెళ్లిళ్లతో ఊగిపోయే మాఘం ఈసారి ఖాళీ. లెక్కపెట్టాను. ఎనభై నాలుగు రోజులు. తొంభై రోజుల గడువుకు ఆరు తక్కువ. మూఢం పోయిన మర్నాడే ఎవరూ నగదిచ్చి చీర కొనరు గనక ఆ ఆరు రోజులూ ఎటూ చాలవు.

ఇదంతా ఆకాశంలో ముందే రాసి పెట్టి ఉంది. శుక్రుడు సూర్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్తాడో పంచాంగకర్తలకు ఏళ్ల ముందే తెలుసు. వచ్చే ఏడాది వడ్డీ రేట్లు ఏమవుతాయో మీ ఆర్థికవేత్తలు ఎంత తంటాలు పడినా అంత కచ్చితంగా చెప్పలేరు. మూఢాల మీద నాకేమీ నమ్మకం లేదు, నా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. కానీ కొనేవాళ్లకు నమ్మకం ఉంది. బ్యాంకుకు కావలసింది అదే కదా.

రైతు విషయంలో ఈ తెలివి ఎప్పుడో వచ్చింది. స్వల్పకాలిక పంటకు తీసుకున్న అప్పు రెండు పంటకాలాలు దాటినా కట్టకపోతేనే మొండి బాకీ. చెనక్కాయ ఎప్పుడు విత్తుతారో, ఎప్పుడు పీకుతారో దాన్ని బట్టే గడువు ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంది. వానను నమ్ముకున్నవాడికి కారు (కాలం) ఉందని గుర్తించినవాళ్లు, ముహూర్తాన్ని నమ్ముకున్నవాడికీ కారు ఉందని గుర్తించలేదు. కాగితం మీద నేతగాడు చిన్న పరిశ్రమ. కియా ఫ్యాక్టరీకి సీటు కవర్లు కుట్టే యూనిటుకు ఏ గడువో వాడికీ అదే గడువు.

కియా అన్నాను గనక పెనుకొండ సంగతి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు మాది. ఇప్పుడు ఎర్రమంచి దగ్గర కార్లు తయారవుతున్నాయి. 2017 ఏప్రిల్లో ఒప్పందం, 2019లో సెల్టాస్ బయటికొచ్చింది. నా పాత విద్యార్థులు కొందరు అక్కడ పని చేస్తున్నారు. నెల జీతం, కారు లోను, ఇంటి లోను, అన్నీ టంచనుగా కడతారు. మీ 1.73ను కాపాడేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. నాకు సంతోషమే. మూడు నెలల లెక్క వాళ్లకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే వాళ్ల బతుకు నెల లెక్కన నడుస్తుంది.

హిందూపురం వేరు. అక్కడి పట్టుగూళ్ల మార్కెట్‌కు వచ్చే రైతు పురుగు పెంచేది ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది రోజులు. గూడు ఇవాళ తెచ్చి ఇవాళే అమ్ముకోవాలి, ఆలస్యమైతే పురుగు చిలుకై బయటికొచ్చి గూడు పాడవుతుంది. మా మామగారు మల్బరీ వేసేవారు. ఆయన మార్కెట్ నుంచి ఇంటికి రాగానే అత్తగారు ముఖం చూసి ధర చెప్పేసేవారు. ఆ గూడే దారమై, అద్దకమై ధర్మవరం మగ్గమెక్కుతుంది. నెల రోజుల పురుగు, నెల రోజుల వార్పు, ఆపైన మూడు నెలల చెక్కు. ఒకే దారం మీద మూడు రకాల కాలం నడుస్తోంది. మీ శాఖలు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నాయి, ఫలితాల కోసం మాత్రం అన్నింటినీ ఒకే తేదీన కొలుస్తారు.

పెద్ద అప్పులకు బ్యాంకులు చూపే ఓపిక కూడా మా ప్రాంతంలోనే చూశాం. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు సేకరించారు. ఉద్యోగాలు వస్తాయన్నారు. రాళ్లూ తుమ్మచెట్లూ మిగిలాయి. అందులో కొంత భూమి బ్యాంకుల్లో తాకట్టుకు పోయింది. దాన్ని చేపట్టిన కంపెనీ దివాలా కేసు ఏళ్ల తరబడి ట్రిబ్యునల్లో నడిచింది. ఏ బ్యాంకు ఎంత ఇచ్చిందన్నది నేనిక్కడ ఎత్తను. రెండు లక్షల అప్పువాడికి ముప్పై రోజులకే ఫోను రావడం, అంత పెద్ద అప్పుకు ఏళ్లు పట్టడం పక్కపక్కనే చూశాం, అంతవరకే.

మీ బ్యాంకు తన తప్పు దిద్దుకోగలదని కూడా నాకు తెలుసు. 2017లో కనీస నిల్వ లేదని జరిమానాలు వేశారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా వసూలైంది 1,771 కోట్లు. అదే ఏడాది జులై-సెప్టెంబరు లాభం 1,582 కోట్లే. త్రైమాసిక లాభాన్ని మించిపోయిన జరిమానా! పార్లమెంటులో, పేపర్లలో గొడవైంది. ముందు తగ్గించారు, 2020 మార్చిలో పూర్తిగా తీసేశారు. మా వీధిలో అవ్వలు పింఛను డబ్బుల్లో కోత గురించి మాట్లాడటం మానేశారు. ఆ తర్వాత మీ లాభాలు తగ్గాయా? లేదు. 2024-25లో 70,901 కోట్లు.

ఇక నేను అడిగేది. పెద్ద కోరిక కాదు. రుణ మాఫీ అడగడం లేదు, మాఫీల వల్ల మంచి అప్పుదారు చెడ్డవాడవుతాడని నా అభిప్రాయం. రిజర్వ్ బ్యాంకు రూలు మార్చమనీ అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. కానీ కంతు ఏ తేదీకి పడాలన్నది మంజూరు పత్రంలో బ్యాంకు రాసేదే. తొంభై రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ దాటాకే. మగ్గానికి సీసీ బదులు టర్ము లోను ఇవ్వండి. నెల వడ్డీ వెయ్యి రూపాయలు మావాళ్లు ఎలాగో కడతారు, అసలు కంతులకే ముహూర్తాలు కావాలి. శ్రావణం సరుకు డబ్బు చేతికొచ్చాక ఒక కంతు, ఎండాకాలం పెళ్లిళ్లయ్యాక ఒక కంతు. మూఢమున్న ఏడాది తేదీలు ముందే జరిపి రాయండి. ధర్మవరం శాఖల్లో మొదలుపెట్టి చూడండి. పనిచేస్తే మీ గద్వాలకూ పనికొస్తుంది. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు వేసి నేసే మీ జిల్లావాళ్ల దగ్గర కూడా ఇలాంటి చెక్కులు పంచాంగాల్లో ఉండే ఉంటాయి.

ఫలితాల రోజున మీరు ఈ ఏడాది రుణాల వృద్ధి అంచనాను 12-14 శాతానికి పెంచారు. చిన్న పరిశ్రమలకిచ్చిన అప్పులు ఒక్క ఏడాదిలో దాదాపు 19 శాతం పెరిగాయని చెప్పారు. ఆ పెరుగుదలలో మగ్గం ఎంత, అందులో బంగారం పెట్టకుండా ఇచ్చింది ఎంత? వచ్చే ఫలితాల్లో ఒక్క జిల్లాకు, మా శ్రీ సత్యసాయి జిల్లాకు, ఆ రెండు అంకెలు చెప్పండి. యాభై షేర్లవాడికి ఇన్వెస్టర్ల కాల్‌లో ప్రశ్న అడిగే అవకాశం రాదు గనక ఇక్కడే అడుగుతున్నాను.

ఇంటికి వచ్చేముందు వాడు మళ్లీ గుంటలో దిగాడు. దీపం కొండెక్కింది. "ఈ వార్పు మూఢం లోపల దింపాల మామా" అన్నాడు.

మూఢం నవంబరు 26న మొదలవుతుంది. సర్క్యులర్ అంతకుముందే పంపండి.

ఇట్లు,
మీ షేరుహోల్డరు, ఒక రిటైర్డ్ కామర్స్ మేష్టారు
పెనుకొండ, 9 నవంబరు 2025